చెన్నైలో తెలుగు సేవాసంస్థల కార్యవర్గాలు, నాయకత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో తెలుగువాళ్లు నడిపే సంఘాలు, సత్రాలు, బడి కమిటీలు, అన్నదాన ట్రస్టులు చాలా ఉన్నాయి. కొరుక్కుపేట, పెరంబూరు, వ్యాసర్పాడి వంటి పాత పేటల్లో తాతల కాలం నాటివి ఉంటే, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన అపార్ట్‌మెంట్లలో నిన్నమొన్న మొదలైనవీ ఉన్నాయి. వీటిని నడిపేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇలాంటి కమిటీల్లో కోశాధికారిగా, కార్యదర్శిగా చాలాకాలం కూర్చున్న అనుభవంతో నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. పెద్దవాళ్లను లెక్క అడగడానికి మొహమాటపడే చోట ఎంత మంచి సంస్థయినా మెల్లగా పాడవుతుంది. అడిగినా ఎవరూ నొచ్చుకోని కమిటీని ఎలా తయారు చేసుకోవాలన్నదే కింది జవాబులన్నిటి సారం.

కార్యవర్గం అసలు చేయాల్సిన పని ఏమిటి?

ఉగాదికి హాలు మాట్లాడటం, వక్తకు శాలువా తేవడం, పులిహోర పొట్లాలు పంచడం అన్నీ అవసరమైన పనులే. వాటికి మనుషులు కావాలి. కానీ కార్యవర్గంగా కూర్చున్నప్పుడు చూడాల్సినవి వేరు. సంస్థను ఏ పని కోసం పెట్టారో అది జరుగుతోందా? వచ్చిన డబ్బు దానికే ఖర్చవుతోందా? ప్రభుత్వానికి వెళ్లాల్సిన కాగితాలు వేళకు వెళ్తున్నాయా? ఐదేళ్ల తర్వాత దీన్ని ఎవరు నడుపుతారు? మీ మినిట్స్ పుస్తకం ఒకసారి తిరగేయండి. గత ఏడాది సమావేశాల్లో ఈ నాలుగింటిలో ఒక్కటీ చర్చకు రాకపోతే మీకున్నది ఉత్సవ కమిటీయే. సంస్థకు కార్యవర్గం ఇంకా ఏర్పడలేదు.

సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీ. మాకు ఏది మంచిది?

సభ్యులు ఉండి, వాళ్లు ఓటేసి కమిటీని ఎన్నుకోవాలనుకుంటే సొసైటీ. తమిళనాడులో దీనికి 1975 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. రిజిస్టరు చేయడానికి కనీసం ఏడుగురు కావాలి, కమిటీలో కనీసం ముగ్గురుండాలి. కమిటీ సభ్యుల పదవీకాలం మూడేళ్లకు మించకూడదు. ఈ చివరి నిబంధన చాలామందికి తెలియదు. మళ్లీ కొనసాగాలంటే సభ్యుల ముందుకు వచ్చి ఎన్నిక కావాల్సిందే.

ఒక కుటుంబమో నలుగురు స్నేహితులో తమ ఆస్తిని ఒక ధర్మకార్యానికి రాసిస్తే ట్రస్టు సరిపోతుంది. అందులో దస్తావేజులో రాసిందే రాజ్యాంగం. అది రాసే రోజున తర్వాతి ధర్మకర్తలను ఎవరు, ఎలా నియమిస్తారో స్పష్టంగా రాయించుకోండి. ఆ ఒక్క పేరా లేక మూడో తరంలో కోర్టుకెక్కిన ట్రస్టులున్నాయి. పెద్ద కంపెనీల నిధులతో, జీతాలిచ్చే సిబ్బందితో నడవబోతుంటే సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేకుండా కంపెనీల చట్టం కింద నమోదయ్యే సంస్థ) గురించి ఆలోచించవచ్చు. అందులో ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలు ఎక్కువ.

కమిటీలో ఎంతమంది ఉంటే బాగుంటుంది?

నా లెక్కలో ఏడు నుంచి పదకొండు మంది. ఇరవై ఒక్కమందితో కమిటీ వేస్తే పేర్లు ఆహ్వానపత్రికలో బాగా కనిపిస్తాయి, సమావేశానికి మాత్రం ఆరుగురే వస్తారు, కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఉండదు. అందరినీ గౌరవించాలనుకుంటే సలహామండలి వేరుగా పెట్టండి.

పేరున్న వ్యక్తిని అధ్యక్షులుగా పెడితే సంస్థకు మంచిది కదా?

ఆయన సమావేశాలకు వస్తే మంచిదే. సినిమా రంగంలోనో వ్యాపారంలోనో పెద్ద పేరున్న వ్యక్తిని బతిమాలి ఒప్పించి, ఏడాదికోసారి వేదిక మీద కూర్చోబెట్టి, మిగతా రోజుల్లో ఆయన సంతకం కోసం మేనేజరు చుట్టూ తిరగడం చాలా చోట్ల జరుగుతోంది. చట్టం దృష్టిలో ఆయన పేరుకు మాత్రమే అధ్యక్షులు అన్న మినహాయింపు లేదు. లెక్కల్లో తేడా వస్తే నోటీసు ఆయనకే వెళ్తుంది. ఈ మాట ముందే చెప్పి అడగండి. విని కూడా ఒప్పుకున్న మనిషే మీకు కావాల్సిన మనిషి.

కమిటీకి ఎవరు కావాలో తేల్చుకోవాలంటే పేర్లు పక్కనపెట్టి పనులు రాసుకోండి. లెక్కలు చదవగలిగినవాళ్లు, రిజిస్ట్రారు ఆఫీసులో తమిళంలో మాట్లాడి పని చేయించుకు రాగలవాళ్లు, మీరు సేవ చేసే వీధిలోనే ఉండేవాళ్లు, పిల్లలతో పనిచేసినవాళ్లు. ట్యూషన్ కేంద్రం నడుపుతున్న సంస్థ కమిటీలో ఆ కేంద్రానికి పిల్లల్ని పంపే తల్లి ఒక్కరైనా ఉండాలని నా కోరిక. సాయంత్రం ఆరింటికి టీచరు వస్తోందో లేదో ఆమెకు తెలిసినట్టు మైలాపూరులో ఉండే ధర్మకర్తకు తెలియదు.

పెద్ద దాత తనకో పదవి అడుగుతున్నారు. ఏం చేయాలి?

దాతగా ఆయనకు రసీదు, ఖర్చు వివరం, కృతజ్ఞత దక్కాలి. పదవి ఇవ్వాలంటే మిగతావాళ్లను ఎలా తీసుకున్నారో ఆయన్నీ అలాగే తీసుకోండి. ఇలా ఇచ్చిన పదవితో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, ఆ తర్వాత ఆ గదిలో ఆయన మాట కాదనేవాళ్లు ఉండరు.

మా వ్యవస్థాపకులే ఇరవై ఏళ్లుగా అధ్యక్షులు. ఆయన తర్వాత ఎవరు అని అడగడానికే భయం.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. ఆయన మీద ప్రేమ ఉంటుంది, కృతజ్ఞత ఉంటుంది. ఆయన జేబులోంచి అద్దె కట్టిన రోజులు అందరికీ గుర్తే.

ఈ ఊళ్లోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు, తర్వాత ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆమె పని ఢిల్లీకి మారినా ఇక్కడ సభ మూతపడలేదు. హైదరాబాదుకూ విస్తరించింది. ఆమె 1981లో కన్నుమూశారు. సభ పనులు ఆ తర్వాతా సాగాయి. వ్యవస్థాపకురాలు వేరే ఊళ్లో ఉన్నా సంస్థ నడిచిందంటే, ఇక్కడ బాధ్యత తీసుకున్న చేతులు వేరే ఉన్నాయన్నమాట.

ఇక మీరు చేయాల్సింది. ఈ మాట సమావేశంలో ఎత్తకండి. ఆయన గౌరవించే ఒక్కరు ఇంటికి వెళ్లి మాట్లాడాలి. "మాస్టారూ, మీరుండగానే మాకు నేర్పండి. ఈ ఏడాది బ్యాంకు పని, ఆడిటరు పని మీ ఎదుటే మేం చేస్తాం, తప్పుంటే దిద్దండి" అంటే తప్పుకోమన్నట్టు ఉండదు. నిజంగానే నేర్చుకోవాల్సింది చాలా ఉంటుంది. ఆ ఏడాదిలో ముఖ్యంగా కాగితాలు చేతికి రావాలి: అసలు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, పాన్ కార్డు, స్థలం పత్రాలు, పాత మినిట్స్ పుస్తకాలు, ఆదాయపన్ను పోర్టల్ పాస్‌వర్డు. స్థలమో వాహనమో ఆయన సొంత పేరున ఉంటే సంస్థ పేరుకు మార్పించే పని వెంటనే మొదలుపెట్టండి. ఆయన మంచితనాన్ని ఎవరూ శంకించడం లేదు, ఆయన తదనంతరం వారసులతో తగువు రాకూడదు, అంతే.

తర్వాత తేదీ పెట్టుకోండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో కొత్త అధ్యక్షుల ఎన్నిక, ఆయనకు గౌరవాధ్యక్ష స్థానం. ఆ స్థానానికి చెక్కు మీద సంతకం, కమిటీలో ఓటు ఉండవని నియమావళిలో రాయండి. పదవి వదిలాక కూడా పాత అధ్యక్షుల ఇంటికే ఫైళ్లు వెళ్తుంటే కొత్తవాళ్లు ఎప్పటికీ నిలదొక్కుకోలేరు.

సమావేశం ఎలా జరపాలి? మినిట్స్ ఎలా రాయాలి?

రెండు నెలలకోసారి, ఒక గంటన్నర. చర్చించాల్సిన అంశాలు, గత నెల జమాఖర్చు వారం ముందే వాట్సాప్‌లో పంపండి. డబ్బు విషయం మొదట పెట్టండి. చివర పెడితే కాఫీ వచ్చేస్తుంది, లేచి వెళ్లేవాళ్లు మొదలవుతారు.

మినిట్స్‌లో చాలామంది ఇలా రాస్తారు: "ట్యూషన్ కేంద్రం గురించి చర్చించడమైనది. తగు చర్యలు తీసుకోవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఆరు నెలల తర్వాత దీన్ని చదివితే ఎవరు ఏం చేయాలో తెలియదు. ఇలా రాసి చూడండి: "వ్యాసర్పాడి కేంద్రానికి రెండో టీచరును జూన్ 1 నుంచి నెలకు రూ. 9,000 జీతంతో తీసుకోవాలి. ఖర్చు సాధారణ నిధి నుంచి. మే 20లోగా అభ్యర్థులతో మాట్లాడే బాధ్యత కార్యదర్శిది. డిసెంబరు తర్వాత ఈ జీతానికి నిధి లేదని కోశాధికారి అభ్యంతరం చెప్పారు. అక్టోబరు సమావేశంలో మళ్లీ చూడాలి." ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు, కింద సంతకాలు.

ఆ అభ్యంతరం వాక్యం చాలా విలువైనది. ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే అయిన పుస్తకం చూస్తే నాకు దిగులేస్తుంది. ఇన్నేళ్లలో ఎవరికీ ఒక్క సందేహమూ రాలేదా, వచ్చినా చెప్పలేకపోయారా?

భాష సంగతి కూడా చెప్పాలి. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లలో తెలుగు చక్కగా మాట్లాడి, తమిళంలో మాత్రమే రాయగలిగినవాళ్లు ఎక్కువ. బడుల్లో తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత చదువుకున్న పిల్లలకు ఇంట్లో ఎవరైనా నేర్పితేనే తెలుగు లిపి వస్తోంది. అందువల్ల మినిట్స్ తెలుగులో రాసుకుంటే, సమావేశంలో చదివి వినిపించాకే సంతకాలు తీసుకోండి. రిజిస్ట్రారుకో బ్యాంకుకో ఇవ్వాల్సిన తీర్మానాన్ని తమిళంలోనో ఇంగ్లిషులోనో కూడా రాసి అదే రోజు సంతకం చేయించండి.

డబ్బు విషయంలో కనీస జాగ్రత్తలేమిటి?

మొదటిది, విరాళం ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ రాకూడదు. అన్నదానం అనగానే ఒకరి నంబరు గ్రూపులో పెట్టేయడం, తర్వాత ఆయనే కూరగాయలవాడికి అందులోంచి ఇవ్వడం ఎంత నిజాయితీగా జరిగినా, సంస్థ లెక్కల్లో ఆ డబ్బు లేనట్టే. ఆదాయపన్ను వాళ్లు అడిగితే ఆయనే సమాధానం చెప్పుకోవాలి. సంస్థ ఖాతాకు క్యూఆర్ కోడ్ బ్యాంకే ఇస్తుంది, దాన్నే పెట్టండి.

రెండోది, ఖాళీ చెక్కుల మీద సంతకాలు. అధ్యక్షులు ఊరెళ్తూ నాలుగైదు చెక్కుల మీద సంతకం పెట్టి కోశాధికారి బీరువాలో ఉంచితే, జంట సంతకాల నియమం ఎగిరిపోయినట్టే. ముగ్గురికి అధికారమిచ్చి ఏ ఇద్దరైనా చాలని తీర్మానిస్తే ఈ అవసరమే రాదు. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో కూడా ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించే ఏర్పాటు ఉంటుంది, అడిగి పెట్టించుకోండి.

మూడోది, నెలకో పేజీ. పోయిన నెల నిల్వ, వచ్చింది, పోయింది, ఇప్పటి నిల్వ, రావాల్సినవి, కట్టాల్సినవి. దాన్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసి కోశాధికారి కాక మరో సభ్యులు సంతకం పెట్టాలి.

పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం తన పనులకు ఖర్చు చేయాలి. మిగిలిందాన్ని దాచుకోవచ్చు, దానికీ నియమాలున్నాయి. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు 80జీ (పాత చట్టంలోని సెక్షన్ నంబరు) పన్ను మినహాయింపు రాదు. 2025 ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో మనకు అలవాటైన సెక్షన్ నంబర్లు మారాయి. రసీదు పుస్తకాలు అచ్చు వేయించే ముందు ఆడిటరుకు చూపించండి. మినహాయింపు రిజిస్ట్రేషన్‌కు గడువు ఉంటుందని గుర్తుంచుకుని, ఆ తేదీ కార్యదర్శికి ఒక్కరికే కాక కమిటీ అందరికీ తెలిసేలా చూడండి.

కమిటీ సభ్యుల బంధువు క్యాటరింగ్ చేస్తారు. ఆయనకే ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, దాచకపోతే. ఆ సభ్యులు సంబంధం ముందే చెప్పాలి, మరో ఇద్దరి దగ్గర ధర తీసుకోవాలి, నిర్ణయం జరిగేటప్పుడు ఆయన గదిలో ఉండకూడదు, ఇదంతా మినిట్స్‌లో రాయాలి. బయట దొరికే ధరకన్నా ఎక్కువ ఇస్తే పన్ను మినహాయింపుకే ముప్పు.

అమెరికాలో ఉన్న మా పిల్లలు డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉండి, తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. మన కడుపున పుట్టిన బిడ్డే అయినా చట్టానికి తేడా లేదు. అలాంటి డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో రూ. 15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు. చిన్న సంఘాలకు ఇంత బరువు అవసరం లేదని నా అభిప్రాయం. ఇక్కడి దాతలను పెంచుకోవడం మేలు.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు రావాలంటే?

సంస్థకు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పని అనుభవం, 2021 నుంచి తప్పనిసరైన సీఎస్‌ఆర్-1 ఫారం ద్వారా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు కావాలి. తర్వాత వాళ్లు అడిగేవి ఆడిట్ అయిన లెక్కలు, కమిటీ వివరాలు. కమిటీలో ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయితే మాట అక్కడే ఆగిపోవచ్చు.

మేనేజరును పెట్టుకున్నాం. అయినా పనులు సాగడం లేదు.

ఆయనకు రోజుకు ఎంతమంది కమిటీ సభ్యులు ఫోన్ చేస్తున్నారో అడగండి. ఒకరు బియ్యం ఫలానా కొట్టులో తెమ్మంటారు, ఇంకొకరు వద్దంటారు, మూడో ఆయన తన బంధువుల పిల్లకు హాస్టల్లో సీటు అడుగుతారు. మేనేజరుకు చెప్పాల్సింది కార్యదర్శి ఒక్కరే. మిగతావాళ్లకు ఏదైనా చెప్పాలనిపిస్తే సమావేశంలో చెప్పాలి. ఇంత వరకు ఖర్చు మేనేజరు సొంతంగా చేయవచ్చని ఒక మొత్తం రాసివ్వండి. ఏడాదికోసారి కూర్చుని ఆయన పని ఎలా ఉందో మంచీచెడ్డా ముఖాముఖి చెప్పండి.

మహిళలు ఉన్నారు కానీ సాంస్కృతిక కార్యక్రమాలే చూస్తున్నారు.

కోశాధికారి పదవి ఇవ్వండి. బ్యాంకులో సంతకం ఇవ్వండి. సమావేశం రాత్రి ఎనిమిదింటికి పెట్టి ఆడవాళ్లు రావడం లేదనడం అన్యాయం.

ఐటీ ఉద్యోగాల్లో ఉన్న యువత రావడం లేదు.

వాళ్లు షోలింగనల్లూరు నుంచి రాయపేటకు ఆదివారం పొద్దున రావాలంటే రావడానికో పని ఉండాలి. కుర్చీలు వేయించడానికి పిలిస్తే ఒక్కసారి వస్తారు. లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించడం, పిల్లల తెలుగు తరగతి పాఠ్యప్రణాళిక తయారు చేయడం వంటి పని మొత్తంగా అప్పగించి, మధ్యలో వేలు పెట్టకండి. రెండేళ్లలో బెంగళూరుకో హైదరాబాదుకో మారిపోతారన్నది నిజమే. అందుకే ప్రతి పనికీ ఇద్దరిని జతగా పెట్టండి.

పిల్లలతో పనిచేస్తున్నాం. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

తప్పక చూడాలి. ఇందులో కమిటీకి మొహమాటం అస్సలు పనికిరాదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సంస్థ పరువు పోతుందని లోపల సర్దుబాటు చేయడమే నేరం. టీచరుగానో వాలంటీరుగానో ఎవరిని తీసుకున్నా ముందు పనిచేసిన చోట విచారించండి, పిల్లలతో ఒక్కరే మూసిన గదిలో ఉండకూడదన్న నియమం పెట్టండి.

పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లూ ఆ చట్టం కింద ఉద్యోగులే.

కమిటీలో రెండు వర్గాలయ్యాయి. ఎవరిని ఆశ్రయించాలి?

ముందు నియమావళి చదవండి. ఎన్నిక నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఎవరికి ఓటుంది అన్నవి అందులో ఉంటాయి. సగం గొడవలు సభ్యుల జాబితా సరిగా లేకపోవడం వల్ల పుడతాయి. చందా కట్టిన రసీదులతో జాబితా సరిచేసి ఇరు వర్గాల చేతా సంతకం పెట్టించగలిగితే దారి పడుతుంది. సొసైటీ విషయంలో కమిటీలో మెజారిటీ గానీ, సభ్యుల్లో మూడో వంతు మంది గానీ జిల్లా రిజిస్ట్రారును విచారణ కోరవచ్చు. పబ్లిక్ ట్రస్టయితే ఆసక్తి ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. అక్కడికి వెళ్తే ఏళ్లు పడుతుంది, ఆలోగా బ్యాంకు ఖాతా స్తంభించి టీచర్ల జీతాలు ఆగే ప్రమాదముంది. ఇరువైపులా గౌరవమున్న ఒక పెద్దమనిషి దగ్గర కూర్చునే ప్రయత్నం ముందు చేయండి.

వరదలొచ్చినప్పుడు కమిటీ కూర్చునే వీలుండదు. అప్పుడు నిర్ణయం ఎవరిది?

2015 డిసెంబరు వరదలూ, 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానూ చూసిన ఊరు కాబట్టి ఈ ఏర్పాటు వానలకు ముందే, సెప్టెంబరు సమావేశంలో చేసుకోవాలి. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకున్నా ఇంత మొత్తం వరకు ఖర్చు చేయవచ్చని తీర్మానం రాసి ఉంచండి. ఫోన్లు పనిచేయకపోతే ఎవరి ఇంట్లో కలవాలో కూడా రాయండి. కొంత నగదు ఎవరి దగ్గర ఉంటుందో తేల్చండి, ఏటీఎంలు పనిచేయని రోజులవి. పాల ప్యాకెట్లు, దుప్పట్లు పంచేటప్పుడు వీధి పేరు, ఇంటి యజమాని పేరు, ఇచ్చింది ఎంత అని ఒక నోటుపుస్తకంలో రాయించండి. బిల్లు దొరకని ఖర్చుకు తీసుకున్నవాళ్ల సంతకంతో వోచరు పెట్టండి. నీళ్లు తీసిన పదిహేను రోజుల్లోగా ఆ పుస్తకం, వోచర్లు కమిటీ ముందు పెట్టి ఆమోదం తీసుకుని, పంచిన వీధుల జాబితాను దాతలకు పంపండి.